పదోరోజు రాని అప్పులవాడు

ఈ సంగతి రాసి పెట్టాలనుకోవడానికి కారణం ఒక్కటే. మా అయ్య బోటు ఇంజను కోసం చేసిన అప్పు తీరిపోయిందని ఇప్పుడు మా ఇంట్లో ఒక రసీదు ఉంది. అందులో కట్టిన సొమ్ము ఉంది, ముద్ర ఉంది, అయ్య పేరుంది. ఆ ఇంజన్ని కంపెనీవాళ్ళే వచ్చి వ్యాన్లో వేసుకుపోయారన్న మాట మాత్రం లేదు. ఆ రసీదులోనే కాదు, ఏ కాగితంలోనూ లేదు. ఆ రోజు చూసినవాళ్ళలో కొందరు పోయారు, మిగతావాళ్ళు గుజరాత్ బోట్ల మీద పనికి పోయారు. మా అమ్మ ఆ ఊసెత్తడం మానేసింది. ఇంక మిగిలింది నేను. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ రాయగలను. ఎలా రాయగలనో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో నా చదువుకీ వాటా ఉంది.

మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న వాడ. అమ్మా నేనూ ఆమదాలవలస బజార్లో ఎండుచేపలు అమ్ముతాం. నెత్తళ్ళు, రొయ్యపప్పు, కాలం కలిసొస్తే వంజరం ముక్కలు. మధ్యాహ్నం బేరాలుండవు. ఆ వేళలో అమ్మ గోనెసంచి మీద ఒరుగుతుంది, నేను గ్రంథాలయానికి పోతాను. పెళ్ళి కాకముందు మొదలైన అలవాటు, పిల్లలు పుట్టినా పోలేదు. మొదట్లో సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వెళ్ళినా నా దగ్గర చేపల వాసన వచ్చేది. గ్రంథాలయం ఆయన ఏమీ అనకుండా లేచి నా పక్క కిటికీ తెరిచేవాడు. కొన్నేళ్ళకి తెరవడం మానేశాడు. వాసన పోయిందనుకోను, ఆయనకి అలవాటైపోయింది.

కథల పుస్తకాలు అయిపోయాక చరిత్ర చదివాను, అది అయ్యాక వైద్యం, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని అడుగు అరలోని చట్టం పుస్తకాలు. భూమి పంపకాలు, ప్రామిసరీ నోట్లు, అద్దె తగాదాలు అన్నీ తెలుగులోనే ఉన్నాయి, అర్థమయ్యేట్టే ఉన్నాయి. బజార్లో ఎవరికైనా నోటీసొస్తే నా దగ్గరకు తెచ్చేవారు. నేను చదివి చెప్తుంటే నాకు గర్వంగా ఉండేది. దాచుకోను, ఇప్పటికీ గర్వమే.

ఇప్పుడు ఇంజను సంగతి. నేను బడికి వెళ్ళే రోజుల్లో అయ్య ఒక ఫైబర్ బోటు కొన్నాడు. బోటుకి సొమ్ము ఎలాగో కూడింది, ఇంజనుకి చాల్లేదు. శ్రీకాకుళంలో ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చింది. అయ్య సంతకం పెట్టాడు, హామీ కింద అమ్మ వేలిముద్ర వేసింది. కొన్ని వాయిదాలు కట్టారు. ఆ తర్వాత వచ్చిన తుఫానుకి బోటు రెండు ముక్కలైంది. ఇంజను మాత్రం బతికింది. అయ్య దాన్ని ఇసుకలోంచి తవ్వి తీసి, కిరసనాయిలు పెట్టి తుడిచి, గోనెపట్టా కప్పి ఇంటి ముందు పెట్టాడు. వాయిదాలు ఆగిపోయిన కొన్నాళ్ళకి కంపెనీ మనుషులు వ్యాన్ తెచ్చారు. నలుగురు కలిసి ఇంజన్ని ఎత్తారు. బరువుకి వాళ్ళు తూలిపోతుంటే అయ్యే వెళ్ళి ఐదో చెయ్యి వేశాడు. ఆ దృశ్యం నా కళ్ళలో అలాగే ఉంది. తన ఇంజన్ని తనే వ్యాన్లోకి ఎక్కించి, చేతులు దులుపుకుని, "ఇంక మనకీ మనకీ లెక్క సరి," అన్నాడు. ఆ వచ్చినవాడు తల ఊపాడు. మా వాడలో అదే పద్ధతి. అరువు తెచ్చిన వల వెనక్కి పట్టుకుపోతే బాకీ పోయినట్టే. ఇచ్చినవాడు వలా తీసుకుని సొమ్మూ అడగడం మేం ఎక్కడా చూడలేదు. కాగితం అడగాలని అయ్యకి తోచలేదు. తల ఊపినవాణ్ణి మళ్ళీ కాగితం అడగడం మావాళ్ళకి తిట్టుతో సమానం.

ఆ తర్వాత అయ్య చాలా ఏళ్ళు గుజరాత్‌లోని వెరావల్ రేవుకి పోయి పరాయి బోట్ల మీద పనిచేశాడు. ఊపిరి జబ్బుతో ఇంటికొచ్చి, ఇంట్లోనే పోయాడు.

మా వాడలో మనిషి పోయిన పదోరోజు సముద్రం ఒడ్డున ఒక తంతు ఉంటుంది. స్నానాలయ్యాక వాడపెద్ద నిలబడి అందరికీ వినిపించేలా అడుగుతాడు: "ఈ మనిషి ఎవలికైనా బాకీ ఉన్నాడేటి? ఉంటే ఇప్పుడు సెప్పండి. తరవాత సెప్తే సెల్లదు." మూడుసార్లు అడుగుతాడు. ఎవరైనా చెప్తే ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. చెప్పకపోతే బాకీ లేనట్టే, ఆ మనిషి తేలిగ్గా పోయినట్టే. అయ్య పదోరోజున టీకొట్టు ముసలాయన ఒక్కడే చెయ్యెత్తాడు. "టీ బాకీ ఉన్నాది గానీ, ఆడు నాకు సేపలూ పెట్టినాడు. వదిలేస్తన్నాను," అన్నాడు. అమ్మ వదలనివ్వలేదు. కొంగు ముడి విప్పి అక్కడే ఇచ్చేసింది. రెండోసారీ మూడోసారీ ఎవరూ పలకలేదు.

అప్పటినుంచి అమ్మకి అదొక ఆస్తి అయిపోయింది. బజార్లో ఎవరి మొగుడి మాట వచ్చినా, ఎవరి అప్పుల మాట వచ్చినా, "మాయన బాకీ నేకుండా ఎల్లిపోనాడమ్మా. మూడుసార్లడిగితే ఒక్కడూ నోరెత్తలేదు," అనేది. మాకు ఇల్లు ఉంది, అది ప్రభుత్వం ఇచ్చిన కాలనీ ఇల్లు. చెవులకి గంటీలున్నాయి, అవి పుట్టింటివాళ్ళు పెట్టినవి. ఆ ఒక్క మాటే అయ్య సంపాదించి ఆమెకి ఇచ్చిపోయింది. విని విని నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ మాట వినాలని ఉంటుంది.

పోయినేడాది నా ఫోనుకి ఒక కాల్ వచ్చింది. చక్కటి బడి తెలుగులో ఒకావిడ అయ్య పేరు చెప్పి, ఉన్నారా అంది. లేరన్నాను. అయితే హామీదారు ఉన్నారా అంది. ఆ పాత కంపెనీ తన రాని బాకీలన్నీ ఇంకో కంపెనీకి అమ్మేసిందట. అప్పు అమ్ముకోవచ్చని నాకు అప్పటికే తెలుసు, చదివాను. చేపలు చచ్చాక ఎండబెట్టి అమ్ముతాం మేము. ఇంతకాలం నాటి బాకీని ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళూ ఉన్నారన్నమాట. ఆవిడ చెప్పిన మొత్తంలో ఇంజను ఖరీదు ఏ మూలకీ రాదు. మిగతాదంతా వడ్డీ. "ఇంజను మీవాళ్ళే పట్టుకెళ్ళారు," అన్నాను. "మా రికార్డులో లేదు మేడం," అంది.

ఆ మధ్యాహ్నమే అడుగు అరలోంచి పుస్తకం తీశాను. అప్పు వసూలుకి కోర్టుకి వెళ్ళడానికి గడువు మూడేళ్ళు. దాటితే దావా చెల్లదు. ఆ పక్క పేజీలోనే ఇంకో మాటా ఉంది: గడువు దాటిన బాకీనైనా సరే, కడతానని కొత్తగా రాసి సంతకం పెడితే ఆ రాత చెల్లుతుంది. రెండూ రాసుకుని వచ్చి అమ్మ ముందు కూర్చుని విడమరిచి చెప్పాను.

"మూడేళ్ళకి బాకీ సచ్చిపోతాదేటి?" అంది అమ్మ.

"సచ్చిపోదు. కోర్టులో అడగలేరు."

"ఆ పుస్తకం రాసినోడు ఎవలికో బాకీ ఉండుంటాడు."

పక్క కొట్టు పెద్దమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "నవ్వు గానీ అమ్మా, ఎవలొచ్చి ఏ కాగితం సూపించినా ఏలు ఎయ్యకు. ఒక్క రూపాయి ఇవ్వకు," అన్నాను. "నాకు తెల్దేటే, పుస్తకాల పురుగా," అంది. తెలుసు. అదే నేను ఇక్కడ నొక్కి చెప్పదలచుకున్నది. ఆమెని తెలియనిదాన్ని చేసి ఎవరూ మోసం చెయ్యలేదు.

కొన్ని వారాలకి ఒక కుర్రాడు మోటార్ సైకిల్ మీద బజారుకే వచ్చాడు. ఇన్ షర్టు, మెడలో కార్డు. నేను అప్పుడు గ్రంథాలయంలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వాడు మా గోనె మీద, అమ్మ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. నేను ఎవరో తెలిసిన చుట్టం అనుకున్నాను. అమ్మ ఎడమచేతి బొటనవేలు నీలంగా ఉంది. దాన్ని నెత్తళ్ళ గంప అంచుకి రాస్తోంది.

ఏం జరిగిందో పక్క కొట్టు పెద్దమ్మ తర్వాత పూర్తిగా చెప్పింది. వాడు బెదిరించలేదు. ఫోన్లో మాట్లాడినట్టు మాట్లాడలేదు. "అత్తా, నానూ మనోళ్ళ గుంటణ్ణే. మాది విజయనగరం సముద్రం పక్క. మాయమ్మ కూడా సేపలమ్మే నన్ను సదివించింది," అని మొదలుపెట్టాడట. అమ్మ తన మాట తను చెప్పింది: మాయన బాకీ లేకుండా పోయాడు, పదోరోజు మూడుసార్లడిగారు అని. వాడికి ఆ తంతు తెలుసు. పెద్ద చదువులున్న ఆఫీసరెవడైనా అయితే నవ్వి ఊరుకునేవాడు. వీడు నవ్వలేదు.

"నిజమే అత్తా. గానీ మాకు కబురెట్టినారా? సావు కబురు అందనోడు పదోరోజుకి ఎలాగొస్తాడు? ఆ రోజు వచ్చుంటే నాను సెయ్యెత్తీవోణ్ణే. మావ బాకీతో ఎల్లిపోనాడని నానంటానా? అన్ను. నువ్వే సెప్పు."

చుట్టూ బేరాలకొచ్చినవాళ్ళూ పక్క కొట్లవాళ్ళూ నిలబడిపోయారు. ఆమె రోజూ గొప్పగా చెప్పుకునే మాట ఎక్కడ తేలుతుందో చూద్దామని నిలబడ్డారు. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని, మా ఉప్పు వాళ్ళూ వాళ్ళ ఉప్పు మేమూ వాడుకున్నాం. ఆ నిలబడటాన్ని నేను మర్చిపోను.

అమ్మ నెత్తళ్ళ గంప ఒకసారి సర్దిందట. తర్వాత, "ఏదీ, ఆ కాగితం," అందట.

నేను వాడి చేతిలోంచి కాగితం లాక్కుని చదివాను. పాత బాకీ మొత్తం ఒప్పుకుంటున్నాను, వాయిదాల్లో కడతాను అని ఉంది. పక్క పేజీలో నేను చదివిన మాట ఇదే.

"గడువు దాటిపోయిన బాకీ ఇది. నీకు దమ్ముంటే కోర్టుకెళ్ళు," అన్నాను.

"తెలుసప్పా," అన్నాడు వాడు మెల్లిగా, అక్కని మావాళ్ళు పిలిచే పిలుపుతో. "అందికే కోర్టుకెల్లనేదు. అత్త కాడికొచ్చినాను."

"ఇంజను పట్టుకుపోయారు కదా, దాని సంగతేటి?"

"నాను అప్పటికి పుట్నేదు అప్పా. ఆఫీసులో ఏటుంటే అదే నాకు తెలుసు. నాకూ టార్గెట్ ఉంటాది, కోప్పడకు." కాగితం నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని మడిచాడు. లేచి వెళ్తూ అమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. అమ్మ వాడికి రొయ్యపప్పు పొట్లం కట్టి ఇచ్చింది. మీయమ్మకియ్యి అంది.

శ్రీకాకుళం కోర్టు ఆవరణలో పేదవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఇదీ నేను చదివి తెలుసుకున్నదే. అమ్మని తీసుకెళ్ళాను. లాయరమ్మ చిన్న వయసుది. శ్రద్ధగా విన్నది. నేను గడువు చట్టం గురించి చెప్తుంటే, "ఎక్కడ చదివారు?" అని అడిగింది. గ్రంథాలయంలో అన్నాను. ఆవిడ మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు కోసం నేను ఇరవై ఏళ్ళు చదివానేమో అనిపించింది, అలాంటి రోజున కూడా.

"దారి ఉంది," అంది లాయరమ్మ. "చదువురాని ఆవిడ చేత, బజార్లో పదిమంది ముందు, కాగితంలో ఏముందో చెప్పకుండా వేలిముద్ర వేయించుకున్నారు. అది చెల్లదని వాదిస్తాను. అమ్మా, కాగితంలో ఏముందో మీకు ఎవరైనా చెప్పారా?"

అమ్మ లేదని అంటే చాలు. నేను ఆమె చెయ్యి నొక్కాను. ఆమె నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"నా కూతురు ముందే సెప్పినాది. గుంటడూ సెప్పినాడు. నాను తెలిసే ఏసినానమ్మా."

లాయరమ్మ కలం మూత పెట్టింది. "పోనీ, ఎందుకు వేశారో చెప్తారా?" అంది.

"అడిగినోడు నేడని బాకీ నేదనుకున్నాను. ఇప్పుడు అడిగినోడున్నాడు కదా."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆమెని తిట్టాను. నడిరోడ్డు మీద, నోటికొచ్చినట్టు. అయ్య చేతులతో ఎక్కించిన ఇంజన్ని మర్చిపోయావా అన్నాను. "మర్సిపోనేదే. ఆలు దొంగలని నాకూ తెలుసు. ఆలు దొంగలైతే మీయయ్య బాకీ తీరిపోతాదేటి?" అంది. చట్టం నావైపు ఉంది, న్యాయమూ నావైపే ఉంది. ఆమెకి ఆ రెండూ అక్కర్లేదు.

కేసు దాకా పోకుండా లోక్ అదాలత్‌లో రాజీ చేయించింది లాయరమ్మ. ఇంజను ఖరీదు తీసేయమని గట్టిగానే అడిగింది. పట్టుకెళ్ళినట్టు కాగితం చూపించమన్నారు వాళ్ళు. ఆ రోజు వచ్చినవాడు తల ఊపాడని చెప్పబోయి లాయరమ్మ నా వైపు చూసి, మానేసింది. వడ్డీ చాలావరకు కొట్టేశారు. మిగిలింది కట్టడానికి అమ్మ గంటీలు అమ్మేసింది. కంపెనీ తరఫున ఆ కుర్రాడితో పాటు వచ్చిన పెద్దమనిషి రసీదు ఇచ్చి, "మీకు చాలా లాభం చేశాం," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకేమీ ఇబ్బంది కలగలేదు.

అమ్మ రసీదు నా చేతికిచ్చి, ఆ కుర్రాడి వైపు తిరిగింది. "ఒరే అబ్బీ, నువ్వు మా వాడకి రావాల. వాడపెద్ద మల్లీ అడుగుతాడు. నువ్వు సెప్పాల."

వాడు ఇబ్బందిగా నవ్వాడు. రసీదిచ్చాం కదా అత్తా అన్నాడు. "అది నీ ఆఫీసుకి. ఇది నాకు," అంది. పెద్దమనిషి తొందరగా వాచీ చూసుకుని, వెళ్ళిరావయ్యా, దాందేముంది అన్నాడు.

వాడు వచ్చాడు, ఆ గుణం ఒప్పుకోవాలి. ఒక ఉదయం, బూట్లు విప్పకుండా ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు. అయ్య పదోరోజున అడిగిన వాడపెద్దే ఇప్పుడూ ఉన్నాడు, మనిషి వంగిపోయాడు. నేను ముందురోజు అమ్మతో వెళ్ళి బతిమాలితే, "ఒకసారి అయిపోయింది మల్లీ అడక్కూడదు," అన్నాడు. అమ్మ గంటీలు లేని చెవులు చూశాక ఒప్పుకున్నాడు. అమ్మ, నేను, టీకొట్టు ముసలాయన కొడుకు, వల బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు, అంతే జనం.

పెద్దాయన అయ్య పేరు చెప్పి అడిగాడు. మొదటిసారి అడుగుతుండగానే కుర్రాడి ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుని, "వస్తన్నాను సార్, దారిలో ఉన్నాను సార్," అన్నాడు. రెండోసారి అడిగేసరికి ఫోను చేత్తో మూసి, "నేదు, నేదు, ఏటీ నేదు," అన్నాడు గబగబా. మూడోసారి అడగడానికి పెద్దాయన నోరు తెరిచాడు, అప్పటికే వాడు వెనక్కి తిరిగాడు. పెద్దాయన అడగాలా వద్దా అన్నట్టు అమ్మ వైపు చూశాడు. "అడగండి," అంది అమ్మ. ఆయన సముద్రం వైపు తిరిగి అడిగాడు. మోటార్ సైకిల్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అమ్మ కొంగు దులుపుకుంది. "పద, ఆటో ఎల్లిపోతాది," అంది. ఆ రోజు నెత్తళ్ళు మంచి ధరే పలికాయి.

అమ్మ బజారుకి రోజూ వస్తుంది. మొగుళ్ళ మాటలు, అప్పుల మాటలు మా గోనెల మధ్య ఇప్పటికీ వస్తాయి. అమ్మ వింటుంది, నవ్వే చోట నవ్వుతుంది. మాయన బాకీ లేకుండా ఎల్లిపోయాడు అని మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారీ అనలేదు. ఒకరోజు నేనే ఎత్తాను. పక్క కొట్టు పెద్దమ్మతో మాటల్లో, మా అయ్యకి ఎవరి బాకీ లేదు తెలుసా అన్నాను. అమ్మ తలెత్తకుండా, "నాను తీర్సినాను," అంది. అయ్య తేలిగ్గా పోయినట్టు ఆమె అనుకున్న అన్నేళ్ళూ ఆ మాటతో పోయాయి. అవి ఏ లోక్ అదాలత్ ఇప్పిస్తుంది?

అందుకే నేను రాస్తున్నాను: మా అయ్య ఇంజను వాళ్ళే పట్టుకుపోయారు. ఆయనే చెయ్యి వేసి ఎక్కించాడు. ఆ రోజుతో ఆయన బాకీ పోయింది. పదోరోజున ఎవరూ నోరెత్తకపోవడం నిజం.

ఈ వ్యవహారంలో నాకు సాయం చేసినవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవాలి. పేర్లు రాయొద్దని లాయరమ్మ చెప్పింది, కాబట్టి నేను పిలిచే పిలుపులే రాస్తాను. డబ్బు తీసుకోకుండా మా కోసం నిలబడ్డ లాయరమ్మకి. చట్టం పుస్తకం గడువు దాటినా జరిమానా అడగని గ్రంథాలయం బాబుగారికి. ఒకసారి అయిపోయింది మళ్ళీ అడగకూడదని తెలిసీ అడిగిన వాడపెద్ద తాతకి. పిలవకుండానే ఒడ్డుకి వచ్చి, తండ్రి తరఫున నిలబడ్డ టీకొట్టు తమ్ముడికి. ఆ మధ్యాహ్నం జరిగింది దాచకుండా చెప్పిన పక్క కొట్టు పెద్దమ్మకి, చెప్పినందుకు మాత్రమే, నిలబడి చూసినందుకు కాదు. మా అమ్మకి ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆమె నాకు సాయం చేసిందో, నేను ఆమెకి చెయ్యలేకపోయానో ఇంకా తేల్చుకోలేదు.